అమెరికాలో ఏ రాష్ట్రం నిజంగా ‘సౌత్’? టెక్సస్, ఫ్లోరిడా, మేరీలాండ్ కూడా సౌతేనా?

ప్రశ్న అడిగిన మిత్రులకు నమస్తే. మీరు అడిగింది ఇది: ఉంటున్నది వాషింగ్టన్ డీసీ దగ్గర్లో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో. అలబామాలోని బర్మింగ్‌హామ్ నుంచి ఒక ఆఫర్, డాలస్ నుంచి ఒక ఆఫర్ వచ్చాయి. సౌత్‌కి వెళ్లాలంటే మీ ఆవిడకు టెన్షన్‌గా ఉంది. మీ ఫ్రెండేమో ‘వర్జీనియాలో ఉన్నారంటే ఇప్పటికే సౌత్‌లో ఉన్నట్టే కదా’ అన్నాడు. ఒకరు టెక్సస్ సౌత్ కాదంటారు, ఇంకొకరు ఫ్లోరిడా కాదంటారు, ప్రభుత్వ లెక్కల్లో చూస్తే మేరీలాండ్ కూడా సౌతే అని ఉంది. మరి ఒక రాష్ట్రం సంస్కృతి పరంగా సౌత్ అని దేన్ని బట్టి చెప్పాలి?

నా సంగతి రెండు ముక్కలు చెప్తాను. మాది గుంటూరు జిల్లాలో పత్తి చేలున్న ఊరు. బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదువుకుని, 1997లో పై చదువుకి అలబామాలోని ఆబర్న్ వచ్చాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా అలబామా, జార్జియా, మిసిసిపీల్లో పత్తి, వేరుశనగ రైతులకు పంట సలహాలిచ్చే పనిలో ఉన్నాను. పొద్దున పొలం, మధ్యాహ్నం జిన్నింగ్ మిల్లు, సాయంత్రం ఏ రైతు ఇంటి వరండాలోనో ఓ గ్లాసు చల్లటి టీ. నాకు తెలిసిన సౌత్ అదే కాబట్టి అక్కణ్ణుంచే చెప్తాను.

సూటిగా జవాబు: సౌత్ అవునా కాదా అన్నది రాష్ట్రం మొత్తాన్ని కట్టగట్టి చెప్పలేం, కౌంటీని (మన జిల్లా లాంటిది) బట్టి చెప్పాలి. బానిసల చేత పత్తి, పొగాకు, వరి, చెరకు పండించిన నేల ఎక్కడుందో, బానిసత్వం పోయాక కూడా వందేళ్లు అదే నేల మీద నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కనే, ఒకరికొకరు సమానం కాకుండా బతికింది ఎక్కడో, అక్కడ సదరన్ సంస్కృతి ఉంది. మాట, తిండి, చర్చి, మర్యాద అన్నీ అందులోంచి పుట్టినవే. అలాంటి కౌంటీలు ఎన్ని ఎక్కువుంటే, అక్కడి జనం తమను తాము సదరనర్స్ అని ఎంత గట్టిగా చెప్పుకుంటే, ఆ రాష్ట్రం అంత సౌత్.

ఆ లెక్కన మిసిసిపీ, అలబామా, జార్జియా, సౌత్ కరోలినాల విషయంలో వాదనే లేదు. లూసియానా, ఆర్కన్సా, టెనెసీ, నార్త్ కరోలినా వాటి వెంటే వస్తాయి. కెంటకీ చాలావరకు అవును. వర్జీనియా, టెక్సస్, ఫ్లోరిడాల్లో సగం అవును, సగం కాదు. ఓక్లహామా, మిస్సోరి, వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్ అంచున ఉన్నవి. మీ ఫ్రెండ్ మాట ఆష్‌బర్న్ విషయంలో తప్పు, వర్జీనియా విషయంలో సగం ఒప్పు.

ఇప్పుడు మ్యాపుల సంగతి. సెన్సస్ వాళ్లు 16 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ కలిపి సౌత్ అంటారు. డెలావేర్, మేరీలాండ్, ఓక్లహామా కూడా అందులోనే ఉన్నాయి. అది జనాభా లెక్కల సౌకర్యం కోసం గీసుకున్న గీత. రెండోది 1860–61లో అమెరికా నుంచి విడిపోయి అంతర్యుద్ధం చేసిన 11 రాష్ట్రాల లిస్టు. ఇది కాస్త దగ్గరగా వస్తుంది, కానీ బానిసత్వం ఉండి కూడా విడిపోని కెంటకీ, మేరీలాండ్, మిస్సోరి, డెలావేర్ దీంట్లో జారిపోతాయి. మూడోది మేసన్–డిక్సన్ గీత. అది 1763–67 మధ్య పెన్సిల్వేనియా, మేరీలాండ్‌ల సరిహద్దు తగాదా తీర్చడానికి ఇద్దరు సర్వేయర్లు కొలిచిన గట్టు. సంస్కృతి ఏ సర్వేయరు రాయి దగ్గరా ఆగదు.

వీటికన్నా నాకు నచ్చిన పద్ధతి జాన్ షెల్టన్ రీడ్ అనే సోషియాలజిస్టుది. 1970ల్లో ఆయన ఊరూరి టెలిఫోన్ డైరెక్టరీలు ముందేసుకుని, పేరులో ‘డిక్సీ’ (సౌత్‌కి ముద్దుపేరు) అనో ‘సదరన్’ అనో ఉన్న వ్యాపారాలను లెక్కపెట్టాడు. ‘అమెరికన్’ అని పేరున్న వాటితో పోల్చి, ఆ నిష్పత్తిని మ్యాప్ మీద పెట్టాడు. కొట్టుకి పేరు పెట్టుకునేవాడు ఊరి మనసు తెలిసే పెట్టుకుంటాడు కదా. 1990ల్లో నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు ఇంకా నేరుగా వెళ్లారు. మీరుండే చోటు సౌతేనా అని జనాన్నే అడిగారు. అలబామా, మిసిసిపీ, సౌత్ కరోలినా, టెనెసీల్లో నూటికి తొంభై మందికి పైగా అవునన్నారు. టెక్సస్, వర్జీనియాల్లో అయిదుగురిలో నలుగురు అవునన్నారు. మేరీలాండ్‌లో సగం మంది కూడా అనలేదు. మిస్సోరిలో నలుగురిలో ఒకరు. నేను పైన చెప్పిన వరసకి ఇది బాగానే సరిపోతుంది.

సరే, అసలు కారణానికి వస్తాను. మట్టి.

అలబామా మధ్యలో అడ్డంగా, మిసిసిపీలోకి వంగుతూ, నెలవంకలాగా ఒక నల్లమట్టి పట్టీ ఉంది. బ్లాక్ బెల్ట్ అంటారు. మోంట్‌గోమరీ, సెల్మా, డెమోపొలిస్ ఊళ్లు దాని మీదే ఉన్నాయి. కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రపు ఒడ్డు ఉండేది. ఆ సముద్రంలోని సూక్ష్మజీవుల గుల్లలు అడుగున పేరుకుని సుద్దరాయి అయ్యాయి. ఆ సుద్ద మీద ఏర్పడింది ఈ నల్లమట్టి.

నేను మొదటిసారి ఆ మట్టిలో దిగింది 2001 మార్చిలో, వాన వెలిసిన మర్నాడు. అరవై ఎకరాలున్న ఒక నల్లజాతి రైతు, అప్పటికే డెబ్బై దాటినాయన, మట్టి పరీక్షకి శాంపిల్స్ తీయమని పిలిచాడు. పది అడుగులు వేశానో లేదో బూట్లు మూడేసి కేజీలయ్యాయి. మట్టి అరికాలి కింద అట్టలు కట్టి, కాలు తీస్తుంటే బూటు అక్కడే ఉండిపోతోంది. వంగి ఓ ముద్ద తీసుకుని వేళ్ల మధ్య నలిపాను. అచ్చం మా ఊరి నల్లరేగడి. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ‘మా నాన్న పొలం కూడా ఇలాగే ఉంటుందండీ’ అన్నాను. ఆయన నా బూట్ల వైపు, నా మొహం వైపు చూసి, ‘అయితే మీవాళ్లదీ పత్తే అన్నమాట’ అన్నాడు. ఆ రోజు ఆయన నన్ను ఇంట్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, మీవాళ్లెవరు, ఎక్కడివాళ్లు, మీ తాత ఏం చేసేవాడు అని ఒక గంట అడిగాడు. ఆయన ముత్తాత అదే పొలంలో బానిస. తాత అదే పొలంలో పాలికాపు. ఈయన తండ్రి అందులో అరవై ఎకరాలు కొన్నాడు.

ఆ ఒక్క కుటుంబం కథలోనే సౌత్ చరిత్ర మొత్తం ఉంది. 1793లో ఎలై విట్నీ గింజ వేరుచేసే జిన్ తయారు చేశాక పొట్టి పింజ పత్తి లాభసాటి అయింది. అక్కడి ఆదివాసులైన క్రీక్, చోక్టా తెగల వాళ్లను వాళ్ల నేల మీంచి వెళ్లగొట్టారు. వర్జీనియా, కరోలినాల నుంచి లక్షల మంది బానిసలను అమ్మి ఇటు తోలుకొచ్చారు. 1860 నాటికి దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలున్నారు. సౌత్ కరోలినా, మిసిసిపీల్లో అయితే జనాభాలో సగానికి పైగా వాళ్లే. నల్లమట్టి ఎక్కడుందో అక్కడ పత్తి, పత్తి ఎక్కడుందో అక్కడ బానిసలు. బ్లాక్ బెల్ట్ అన్న పేరు మొదట మట్టి రంగుని బట్టే వచ్చిందనీ, తర్వాత నల్లవాళ్లు ఎక్కువగా ఉన్న కౌంటీలకి వాడారనీ, టస్కీగీలో కాలేజీ పెట్టిన బుకర్ టి. వాషింగ్టన్ రాశారు. ఈ రోజుకీ ఎన్నికల మ్యాప్ చూడండి, ఆ కౌంటీల ఓటు చుట్టుపక్కల వాటికి వేరుగా పడుతుంది కాబట్టి ఆ పాత సముద్రపు ఒడ్డు రంగులో కనిపిస్తుంది.

అదే రాష్ట్రంలో ఉత్తరాన కొండల్లో విన్‌స్టన్ కౌంటీ ఉంది. నేల పల్చన, పత్తి పెద్దగా పండదు, బానిసలు చాలా తక్కువ. యుద్ధం వచ్చినప్పుడు అక్కడివాళ్లు అలబామాతో పాటు దేశం నుంచి విడిపోవడానికి ఒప్పుకోలేదు. టెనెసీ తూర్పు భాగమూ అంతే. అందుకే రాష్ట్రం పేరు చెప్పి సౌతా కాదా అంటే ఎవరూ సరైన జవాబు ఇవ్వలేరు. మట్టి మారితే చరిత్ర మారుతుంది.

బానిసత్వం పోయాక వచ్చిన పాలు పద్ధతి, అంటే పంటలో వాటాకి సాగు చెయ్యడం, మన రైతులకి చెప్పకుండానే అర్థమవుతుంది. పొలం దొరది, విత్తనం దొరది, కొట్టూ దొరదే. ఏడాదంతా ఆ కొట్లో అప్పు మీద సరుకులు తెచ్చుకుని, పత్తి తీశాక లెక్క చూస్తే ఇంకా బాకీ ఉన్నట్టే తేలుతుంది. నల్లవాళ్లే కాదు, లక్షల మంది పేద తెల్లవాళ్లు కూడా ఆ లెక్కల పుస్తకంలోనే ఇరుక్కుపోయారు. ఆ మీద బోల్ వీవిల్ అనే ముక్కు పురుగు 1890ల్లో మెక్సికో నుంచి టెక్సస్‌లోకి దిగి, ఏటేటా తూర్పుకి జరుగుతూ పత్తి కాయల్ని తొలిచేసింది. అలబామాలోని ఎంటర్‌ప్రైజ్ అనే ఊరివాళ్లు పత్తి దెబ్బతిన్నాక వేరుశనగకి మారి నిలదొక్కుకున్నారు. ఆ పురుగు వల్లే కళ్లు తెరిచామని 1919లో ఊరి నడిబొడ్డున దానికి స్మారకం కట్టారు. మొదట చేతులెత్తి నిలబడ్డ ఆడమనిషి బొమ్మ ఒక్కటే ఉండేది, పురుగు బొమ్మని 1949లో ఆవిడ చేతుల్లో పెట్టారు. చీడపురుగుకి విగ్రహం కట్టిన ఊరు అని కొత్తగా వచ్చినవాళ్లకి చూపిస్తుంటాను. పురుగు దెబ్బకి అప్పుల పాలైన ఊళ్లో పుట్టినవాణ్ణి కాబట్టి, నాకు ఆ విగ్రహం ముందు నిలబడితే గొంతు పట్టేస్తుంది.

1944లో మిసిసిపీ డెల్టాలో, క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ ప్లాంటేషన్‌లో పత్తి తీసే యంత్రాలను అందరి ముందు నడిపి చూపించారు. కూలీల అవసరం అక్కణ్ణుంచి పడిపోయింది. 1910 నుంచి 1970 దాకా సుమారు 60 లక్షల మంది నల్లవాళ్లు సౌత్ వదిలి షికాగో, డెట్రాయిట్, లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయారు. వాళ్లతో పాటు తిండీ పాటా చర్చీ వెళ్లాయి. అందుకే షికాగోలో నల్లవాళ్లుండే పేటల్లోని వంటిల్లు, ఆష్‌బర్న్‌లోని ఏ వంటింటికన్నా ఎక్కువ సదరన్.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: సదరన్ సంస్కృతి అంటే తెల్లవాళ్ల సంస్కృతి అనుకోకండి. జెండాలు, పెద్ద స్తంభాల బంగళాలు, సైనికుల విగ్రహాలు చూసి చాలామంది అలాగే అనుకుంటారు. అమెరికాలోని నల్లవాళ్లలో సగానికి పైగా ఈ రోజుకీ సౌత్‌లోనే ఉన్నారు. సదరన్ తిండి అని లోకం చెప్పుకునేదాంట్లో సగం వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి తెచ్చిన పంటలూ చేతివాటమూ. బెండకాయ ఆఫ్రికాది, లూసియానా పులుసు ‘గంబో’ పేరే అక్కడి భాషల్లో బెండకాయకున్న పేరు నుంచి వచ్చింది. బొబ్బర్లు పశ్చిమాఫ్రికావి. సౌత్ కరోలినా తీరంలో వరి పండించిన నేర్పు అక్కణ్ణుంచి తెచ్చిన బానిసలదే. వాళ్ల వారసులు గల్లా–గీచీ జనం ఇప్పటికీ ఆ తీరపు దీవుల్లో తమ భాషతో ఉన్నారు.

మనవాళ్లకి సౌత్ తిండి తొందరగా వంటబట్టడానికి కారణం కూడా ఇదే అనుకుంటాను. బెండకాయ వేపుడు ఉంది, మొక్కజొన్న పిండి అద్ది నూనెలో వేయిస్తారు. బొబ్బర్లున్నాయి, జనవరి 1న ఆకుకూరతో కలిపి తినకపోతే ఆ ఏడు డబ్బు నిలవదంటారు. బొబ్బర్లు చిల్లర, ఆకులు నోట్లట. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ, మన ఉప్మా కన్నా జారుగా ఉంటుంది. ఇక పచ్చి వేరుశనక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టి రోడ్డు పక్కన వేడివేడిగా అమ్ముతారు. సౌత్ అలబామాలో సెప్టెంబరులో కాయ పీకుతున్నప్పుడు ఊరంతా తడిమట్టి, వేరుశనగ కలిసిన వాసన వస్తుంది. మా నాన్నకి ఫోన్ చేసి ఆ వాసన గురించి చెప్పేవాణ్ణి.

ఓటు సంగతి కూడా ఇందులో భాగమే. నల్లవాళ్లకి ఓటు కావాలని సెల్మా నుంచి మోంట్‌గోమరీ దాకా 54 మైళ్లు 1965 మార్చిలో నడిచారు కదా, ఆ 80వ నంబర్ హైవే మీద నేను కొన్ని వందలసార్లు తిరిగాను. మధ్యలో వచ్చేది లౌండెస్ కౌంటీ. నల్లవాళ్లే ఎక్కువమంది ఉన్న ఆ కౌంటీలో 1965 మొదట్లో ఓటర్ల జాబితాలో ఒక్క నల్ల మనిషి పేరూ లేదు. సౌత్‌కి వచ్చేవాళ్లు ముందు ఆ రోడ్డు మీద ఒకసారి వెళ్లండి. మీరు, నేను ఈ దేశానికి రాగలిగిన 1965 నాటి వలస చట్టం కూడా ఆ ఏడు ఆ ఉద్యమం గాలి వీస్తున్నప్పుడే వచ్చింది.

మన తెలుగువాళ్లకి దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. అట్లాంటా ఉత్తరాన కమ్మింగ్ చుట్టుపక్కల మనవాళ్లు వేలల్లో ఉంటున్నారు. అది ఫోర్సైత్ కౌంటీ. 1912లో అక్కడి నల్లవాళ్లని, సుమారు 1,100 మందిని, ఇళ్లు తగలబెట్టి, బెదిరించి తరిమేశారు. 1987 జనవరిలో అక్కడ ఊరేగింపు చేసిన కొద్దిమంది మీద రాళ్లు పడ్డాయి, మరుసటి వారం సుమారు 20 వేల మంది వచ్చి నడిచారు. ఇప్పుడు అక్కడ మంచి స్కూళ్లు, మన పూజలు, బతుకమ్మలు ఉన్నాయి. ఆ ఊళ్లో ఇల్లు కొనుక్కున్న ప్రతివాళ్లూ ఈ సంగతి తెలుసుకుని ఉండాలని నా కోరిక.

ఇక మర్యాదలు. చర్చి, కుటుంబం, చావు పుట్టుకల దగ్గర సౌత్ అంటే ఏంటో బాగా కనిపిస్తుంది. పెద్దవాళ్లని ‘మేడమ్’, ‘సర్’ అనకుండా పిల్లలు మాట్లాడరు. వయసులో పెద్దావిడని ‘మిస్’ తగిలించి మొదటి పేరుతో పిలుస్తారు. అది మన ‘గారు’ లాంటిదే, గౌరవమూ చనువూ రెండూ ఉంటాయి. కొత్తగా ఊళ్లోకి వస్తే రెండో మాటగా ‘ఏ చర్చికి వెళ్తారు’ అని అడుగుతారు. మత మార్పిడి కోసం అడుగుతున్నారని మనవాళ్లు కంగారు పడతారు. చాలాసార్లు దానర్థం ‘మిమ్మల్ని ఏ గుంపులో కలుపుకోవాలి’ అని. ‘మేం హిందువులం, బర్మింగ్‌హామ్‌లో గుడికి వెళ్తాం’ అంటే చాలు. నాకైతే దాని తర్వాత వచ్చిన ప్రశ్న ఎప్పుడూ ‘గుళ్లో భోజనం పెడతారా’ అనే.

మా నాన్న 2008లో పోయినప్పుడు నాకు టికెట్ దొరకడానికి ఒకరోజు పట్టింది. మేం అప్పుడు సౌత్ అలబామాలో చిన్న ఊళ్లో ఉన్నాం. ఎవరికీ చెప్పలేదు, పక్కింటి పెద్దావిడకి మాత్రం కుక్కని చూసుకోమని చెప్పాను. సాయంత్రానికి మా వంటింటి బల్ల మీద ఏడు గిన్నెలున్నాయి. మేం మాంసం తినమని ఆవిడ అందరికీ చెప్పింది. బొబ్బర్లు, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంపల కాసరోల్, ఆకుకూర. ఆకుకూరలో సాధారణంగా పంది మాంసం ముక్క వేస్తారు. దాని మూత మీద కాగితం అంటించి ‘ఇందులో ఏమీ వేయలేదు’ అని పెన్నుతో రాసి ఉంది. ప్రతి గిన్నె అడుగునా టేపు ముక్క, దాని మీద ఇచ్చినవాళ్ల ఇంటిపేరు. గిన్నె ఎవరిదో తెలియాలి కదా, తిరిగివ్వడానికి. నేను ఊరెళ్లి వచ్చాక మా ఆవిడ ఆ గిన్నెలన్నిట్లో పులిహోర పెట్టి ఇచ్చింది. ‘మేం కూడా గిన్నె ఖాళీగా తిరిగివ్వం’ అని పక్కింటి పెద్దావిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఇంకో చిన్న విషయం. అంతిమయాత్ర కార్లు ఎదురొస్తే ఇక్కడ రోడ్డుకి అటువైపు వెళ్లేవాళ్లు కూడా పక్కకి తీసి ఆపుతారు. పోయింది ఎవరో తెలియకపోయినా ఆపుతారు. కొంతమంది టోపీ తీస్తారు. నేను ఆష్‌బర్న్‌లో, డాలస్ శివారు ప్లేనోలో ఇది చూడలేదు.

అంతా తీపే అని చెప్పను. మర్యాద వేరు, దగ్గరితనం వేరు. ఒకసారి వేరే ఊళ్లో ఇల్లు అద్దెకుందని ఫోన్లో చెప్పినవాళ్లు, నేను వెళ్లి గుమ్మంలో నిలబడ్డాక నవ్వుతూనే ఇల్లు అయిపోయిందన్నారు. నెల తర్వాత కూడా అది ఖాళీగానే ఉంది. ‘బ్లెస్ యువర్ హార్ట్’ అన్న మాటలో ఎంత జాలి ఉందో, ఎంత విసురు ఉందో గొంతుని బట్టి పట్టుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. చర్చిల్లోనూ ఆ పాత గీత ఉంది. ఈ దేశంలోని అతిపెద్ద ప్రొటెస్టెంట్ శాఖ అయిన సదరన్ బాప్టిస్టులు 1845లో జార్జియాలోని అగస్టాలో విడిగా ఏర్పడిందే బానిసల యజమానులని మిషనరీలుగా పంపొచ్చా లేదా అన్న తగాదా మీద. 1995లో వాళ్లే దానికి క్షమాపణ తీర్మానం చేశారు. అయినా ఆదివారం పొద్దున మా ఊళ్లో నల్లవాళ్ల చర్చి వేరు, తెల్లవాళ్ల చర్చి వేరు. రెండు చర్చిల్లోనూ భోజనాల బల్ల మీద ఉండేవి మాత్రం అవే వంటలు.

యాస గురించి ఎక్కువ రాయను. ‘యాల్’ అంటే ‘మీరంతా’. పెన్ను అన్నా గుండుసూది అన్నా ఒకేలా పలుకుతారు, అందుకని ‘ఇంకు పెన్నా?’ అని విడిగా అడుగుతారు. ఫుట్‌బాల్ గురించి ఒక్క మాట: అలబామాలో శరదృతువు శనివారాల్లో గృహప్రవేశం పెట్టుకోకండి, కాలేజీ మ్యాచ్‌లు ఆ రోజే, ఎవరూ రారు.

ఇప్పుడు మీరు పేర్లు పెట్టి అడిగిన రాష్ట్రాలు.

టెక్సస్: తూర్పు వైపు పైన్ అడవులు, పత్తి నేలలు పక్కా సౌత్. యుద్ధం ముగిశాక 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో బానిసల విడుదల ప్రకటన చదివారు, జూన్‌టీన్త్ పండగ దానిదే. పడమరకి పోయేకొద్దీ వాన తగ్గుతుంది, పాత పత్తి ప్లాంటేషన్లు పోయి పశువుల మేత వస్తుంది, కథ కౌబాయ్‌లది అవుతుంది. ఫోర్ట్ వర్త్ నగరం తన నినాదమే ‘పడమర మొదలయ్యేది ఇక్కడే’ అని పెట్టుకుంది. డాలస్ సరిగ్గా ఆ అతుకు మీద ఉంది. ప్లేనో, ఫ్రిస్కోల్లో అయితే మీకు కనిపించేది అన్ని రాష్ట్రాల నుంచి వచ్చిన ఉద్యోగుల ఊళ్లు. అక్కడివాళ్లు ముందు టెక్సన్లు, తర్వాతే ఇంకేదైనా.

ఫ్లోరిడా: ఉత్తరానికి వెళ్లేకొద్దీ సౌత్ వస్తుందని ఇక్కడివాళ్లు అంటారు, నిజమే. టలహాసీ చుట్టూ పాత పత్తి ప్లాంటేషన్లున్నాయి, మయామీ పూర్తిగా వేరే లోకం.

లూసియానా: ఉత్తరం బాప్టిస్టులది, దక్షిణం ఫ్రెంచ్ మూలాలున్న కేథలిక్కులది. కౌంటీని కూడా ప్యారిష్ అంటారు. చెరకు తోటలు, బానిసత్వం అక్కడా ఉన్నాయి కాబట్టి సౌతే, కానీ తన దారి తనది.

కెంటకీ యుద్ధంలో అమెరికా వైపే ఉంది, యుద్ధం అయ్యాక మనసు సౌత్ వైపు తిరిగింది. వెస్ట్ వర్జీనియా 1863లో వర్జీనియా నుంచి విడిపోయిందే ఆ గొడవలో, దాన్ని అపలాచియన్ కొండల సంస్కృతి అనడం సబబు. మిస్సోరిలో ఆగ్నేయపు మూల పత్తి నేల సౌత్, మిగతాది కాదు. ఓక్లహామాకి సౌత్ లక్షణాలు, సౌత్ నుంచి తరిమేసిన తెగల వాళ్లతో, తర్వాత వచ్చిన పత్తి రైతులతో వెళ్లాయి. ఆగ్నేయ భాగాన్ని ఇప్పటికీ లిటిల్ డిక్సీ అంటారు.

మేరీలాండ్: దక్షిణాన పాత పొగాకు కౌంటీలు, చెసపీక్ అఖాతానికి తూర్పు తీరం ఒకప్పుడు పక్కా సౌత్. బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్, హారియట్ టబ్మన్ ఇద్దరూ ఆ తూర్పు తీరంలో బానిసలుగా పుట్టినవాళ్లే. ఇప్పుడు వాషింగ్టన్, బాల్టిమోర్ చుట్టూ పెరిగిన ఊళ్లు రాష్ట్రాన్ని సౌత్ నుంచి దూరంగా లాగేశాయి.

అంటే సౌత్ తగ్గిపోతుందా? ఊళ్లు పెరిగి, బయటివాళ్లు నిండిన చోట తగ్గుతుంది. మీ ఆష్‌బర్న్‌లో జరిగింది అదే.

బర్మింగ్‌హామ్ గురించి విడిగా చెప్పాలి. ఆ నగరానికి ప్లాంటేషన్ చరిత్ర లేదు. బొగ్గు, ఇనుప ఖనిజం, సున్నపురాయి దగ్గర్లోనే దొరుకుతాయని, యుద్ధం అయ్యాక 1871లో రైలు మార్గాలు కలిసే చోట కట్టారు. కానీ ఫర్నేసుల్లో పనికి వచ్చినవాళ్లు బ్లాక్ బెల్ట్ పాలికాపుల పిల్లలు, కొండల్లోని పేద తెల్లవాళ్లు. అందుకే ఉక్కు నగరమైనా మనసు సౌత్‌దే. 1963లో అక్కడి 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ చర్చి ఇప్పటికీ నడుస్తోంది, వెళ్లి కూర్చోవచ్చు. ఇప్పుడు ఊళ్లో అందరికన్నా ఎక్కువ ఉద్యోగాలిచ్చేది యూనివర్సిటీ, దాని ఆస్పత్రి. మనవాళ్లు డాక్టర్లుగా, రీసెర్చ్‌లో, ఐటీలో బాగానే ఉన్నారు. మీ ఆవిడ టెన్షన్ నాకు అర్థమవుతుంది, మా ఆవిడా మొదటి ఏడు అలాగే ఉంది. మీ పాప ఆరు నెలల్లో మీ ఇద్దరితో కూడా ‘యెస్ మేడమ్’, ‘యెస్ సర్’ అంటుంది, ఆశ్చర్యపోకండి.

ఆఫర్‌కి జవాబు ఇవ్వడానికి ఇంకా టైముందన్నారు కాబట్టి ఒక పని చెయ్యండి. అక్టోబరులో ఒక శనివారం పొద్దున్నే ఆష్‌బర్న్ నుంచి బయల్దేరి 95వ నంబర్ హైవే మీద దక్షిణానికి వెళ్లండి. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో రాపహానక్ నది దాటాక ఎక్కడైనా టిఫిన్‌కి ఆగి ‘టీ’ అని మాత్రమే అడగండి. చక్కెర వేసిన చల్లటి టీ అడక్కుండానే వచ్చే చోటు ఏదో గుర్తుపెట్టుకోండి. రిచ్‌మండ్ దాటి పీటర్స్‌బర్గ్ దగ్గర 460వ నంబర్ హైవే ఎక్కండి. వేవర్లీ, వేక్‌ఫీల్డ్ అని చిన్న ఊళ్లు వస్తాయి, మీ ఇంటి నుంచి మూడు గంటలు. ఆ చుట్టుపక్కల పత్తి విచ్చుకుని చేలు తెల్లగా ఉంటాయి, పక్క చేలో వేరుశనగ పీకి వరసలుగా తిరగేసి ఆరబెట్టి ఉంటుంది. అక్కడికి కాస్త దక్షిణాన ఉన్న సౌతాంప్టన్ కౌంటీలోనే 1831లో నాట్ టర్నర్ అనే బానిస తిరగబడ్డాడు. కారు దిగండి, మీ ఆవిణ్ణీ దింపండి, మట్టి చేతిలోకి తీసుకోండి. అక్కడ గట్టు మీద ఎవరైనా రైతు కనిపిస్తే మీరు ముందు చెయ్యి ఊపండి. ఆయన ట్రాక్టర్ ఆపి మీదే ఊరని అడిగితే, వివరంగా చెప్పండి.